పై బీడు

ఆ ఏడు మార్చిలో మేం వెళ్ళేసరికి క్లెమ్ రోడ్డు మీది గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. అక్కణ్ణించి ఇల్లు ఇంకా మూడు కిలోమీటర్లు. పందొమ్మిదేళ్ళుగా ఏటా మార్చిలో రెండు వారాలు వాళ్ళింట్లో గడుపుతున్నాం; ఒక్కసారి కూడా అతను గేటు దాకా ఎదురొచ్చింది లేదు. మా కారు దుమ్ము కనపడగానే కెటిల్ పొయ్యి మీద పెట్టడం అతని భార్య నోలా పని. చేతులు కడుక్కుని వచ్చి టీకి కూర్చోవడం క్లెమ్ పని. అంతకు మించి మర్యాదలు మా మధ్య ఎప్పుడూ లేవు.

"లెస్, దిగు. గ్లెన్, నువ్వూ దిగమ్మా. ఇంటికెళ్ళే ముందు ఒక మాట చెప్పాలి."

అతని బండి పక్కనే ఆపి ఉంది. వెనక తొట్టిలో గోనెపట్టా కింద నుంచి తూటాల పెట్టెలు కనిపిస్తున్నాయి. కుందేళ్ళ కోసం ఎవరూ అన్ని కొనరు.

రెండేళ్ళుగా వాన లేదు. ఆ ఏడు ఉన్ని కొనే నాథుడు కూడా లేకపోయాడు. గొర్రెల్ని ఊరికే ఇస్తామన్నా తోలుకుపోయేవాడు లేడు. కారిటన్ ఊరి చుట్టుపక్కల ఎవరింట్లో చూసినా అదే మాట, అదే మౌనం. అడిలైడ్‌లో ఉండే మాకు అది పేపర్లో వార్త. క్లెమ్ మొహం చూశాక గానీ అది వార్త కాదని తెలీలేదు.

"ఉత్తరాన కొండ వెనక గొయ్యి తవ్వించాను. పోయిన వారం, నోలా ఊళ్ళో పనుండి ఓరోరూ వెళ్ళిన రోజున."

"ఎన్ని?" అన్నాడు మా ఆయన లెస్.

"దాదాపు అన్నీ. పదమూడు వందల పైన. నాలుగు పొట్టేళ్ళూ, ఓ గుప్పెడు ఆడవీ ఉంచుకుంటాను. అంతకు మించి మేపలేను."

"నోలాకి తెలుసా?" అనడిగాను.

క్లెమ్ నా వంక చూడలేదు. "దక్షిణాన గడ్డి ఉన్న చోటికి లారీల్లో పంపిస్తున్నానని చెప్పాను. వానలు పడితే తిరిగొస్తాయని."

నోలా నాకు నర్సుల హాస్టల్లో ఒకే గదిలో ఉన్న స్నేహితురాలు. తండ్రికి పక్షవాతం వస్తే చదువు మధ్యలో మానేసి ఇంటికి వెళ్ళిపోయింది. ఆ పొలం, ఆ మంద తండ్రివి. ఏ గొర్రెకి ఏ పొట్టేలు, ఏ తల్లి కడుపున ఏది పుట్టిందన్నది ఆయన నలభై ఏళ్ళు చూసుకున్నాడు. ఆయన తర్వాత ఇరవై అయిదేళ్ళు నోలా చూసుకుంది. క్లెమ్ ఉన్ని కత్తిరించే కూలీగా వచ్చి ఆ ఇంటి అల్లుడైనవాడు. మంచివాడు, కష్టజీవి. పిల్లలు లేరు వాళ్ళకి. కంచెలు, బావులు, యంత్రాలు అతనివి. గొర్రెలు మాత్రం ఆమెవి.

"ఒక్కోదాని అమ్మమ్మ ఎవరో కూడా చెప్తుంది నోలా," అన్నాడు క్లెమ్. "ఆమె కళ్ళముందు నేనిది చెయ్యలేను. గ్లెన్, నువ్వు ఒక్కటి చేసిపెట్టు. రేపట్నించి అయిదు రోజులు, పొద్దున్నే ఆమెని ఎటైనా తీసుకెళ్ళు. కొండలో, లోయలో, నీ ఇష్టం. పొద్దుగూకే ముందు తీసుకురా. నువ్వడిగితే కాదనదు."

"వీడొక్కడివల్ల ఏమవుతుంది, నేనుంటాను," అన్నాడు లెస్. అతను బస్సు డిపోలో ముప్ఫై ఏళ్ళు ఇంజన్లు బాగుచేసినవాడు. పుట్టి బుద్ధెరిగి దేన్నీ చంపలేదు.

నేను సరే అన్నాను. ఆ సరే ఎంత సులువుగా వచ్చిందో ఇప్పుడు తలుచుకుంటే ఆశ్చర్యంగా ఉంటుంది. స్నేహితురాలికి మేలు చేస్తున్నాననే అనుకున్నాను.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఎత్తాను. "ఏమే నోలా, ఇన్నేళ్ళుగా వస్తున్నాం, ఈ చుట్టుపక్కల ఒక్కటీ చూడలేదు. ఈసారి రోజూ ఒకచోటికి పోదాం. నేనే కారు నడుపుతా."

"చూడ్డానికేముందే ఇక్కడ? రాళ్ళు."

"ఆ రాళ్ళ కోసం జనం విమానాలెక్కి వస్తున్నారు."

"వాళ్ళకి గొర్రెల్లేవు కదా, ఏం తోచక వస్తారు," అంది నోలా. క్లెమ్ కంచంలోకి చూస్తూ మాంసం ముక్కలు ముక్కలుగా కోస్తున్నాడు, తినకుండా. నోలా అతన్ని చూసింది, నన్ను చూసింది. "సరే, చర్చికి పెట్టుకునే టోపీ ఒకటుండాలి. వెతుక్కుంటాను."

సోమవారం కన్యాకా వెళ్ళాం. వందేళ్ళ కిందట వదిలేసిన పెద్ద గొర్రెల పొలం అది. కప్పులు లేని రాతి గదులు, పొగగొట్టాలు, కిటికీలు ఉండాల్సిన చోట ఆకాశం. నోలా గది గదికీ తిరిగి గోడలు చేత్తో తడిమి చూసింది.

"ఎంత గట్టిగా కట్టారో చూడు, ఒక్క రాయి కదల్లేదు. పాపం, వాన ఒక్కటే కట్టుకోలేకపోయారు."

మెల్‌బోర్న్ నుంచి వచ్చిన ఒక జంట మాకు కెమెరా ఇచ్చి ఫోటో తియ్యమన్నారు. "మీరూ చూడ్డానికి వచ్చినవాళ్ళేనా?" అనడిగిందా అమ్మాయి.

"ఇవాళ్టికి," అంది నోలా.

పొగగొట్టం నీడలో కూర్చుని గుడ్డు శాండ్‌విచ్‌లు తిన్నాం. ఈగల్ని తోలుకుంటూ, హాస్టల్లో వార్డెన్‌కి దొరికిపోయిన రోజులు చెప్పుకుంటూ, సాయంత్రం దాకా పొద్దుపుచ్చాం. నేనైతే నోరు మూయలేదు. తిరిగొస్తుంటే ఉత్తరపు కొండ మీద గద్దలూ కాకులూ సుళ్ళు తిరుగుతూ కనిపించాయి. అన్నేసి పక్షుల్ని ఒకేచోట నేనెప్పుడూ చూడలేదు. గబగబా ఏదో మాట అందుకున్నాను, మా వీధిలో కొత్తగా వచ్చిన మందుల షాపు గురించి. నోలా రెండోవైపు కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఆహా, అలాగా," అంటూ విన్నది.

ఇంటికొచ్చేసరికి లెస్ నీళ్ళ ట్యాంకు కుళాయి కింద చేతులు తోముకుంటున్నాడు. నేను చూస్తుండగానే రెండుసార్లు సబ్బు రాసి, కడిగి, మళ్ళీ రాశాడు. కుడి భుజం కమిలిపోయి నల్లగా ఉంది.

"ఎలా ఉంది?" అన్నాను మెల్లిగా.

"మీరు ఎక్కడికెళ్ళారు?" అన్నాడు.

"కన్యాకా."

"బాగుందా?"

"బాగుంది."

అంతే మాట్లాడుకున్నాం.

మంగళవారం ఎలిగేటర్ లోయ. రెండు వందలకు పైగా మెట్లు దిగితే ఎర్రటి రాతిగోడలు రెండు వైపులా దగ్గరగా వచ్చేస్తాయి. చేతులు చాస్తే రెండూ అందుతాయేమో అనిపిస్తుంది. కింద చల్లగా ఉంది. నోలా ముందు నడుస్తోంది. ఉన్నట్టుండి ఆగింది.

"ఇంక ఇంటికి పోదామే, గ్లెన్."

టైము చూసుకున్నాను. పన్నెండు కూడా కాలేదు. "అప్పుడేనా?"

"పై బీడులో నీళ్ళ తొట్టి చూసుకోవాలి. నిన్నట్నించి మనసు అటే లాగుతోంది."

"క్లెమ్ చూసుకుంటాడులే."

"చూస్తాడనుకో. కానీ అక్కడున్నవి నాన్న ఏరి పెంచిన వరస గొర్రెలు. చూపుకి అంత బాగోవు, బక్కచిక్కి ఎముకలు తేలి ఉన్నాయి. కానీ ఈ ఏడు ఇంత కరువులో కూడా ఒక్కదాని పిల్లా చావలేదు. తాము తినకపోయినా పాలివ్వడం మానలేదవి." ఆగి, రాతిగోడ మీద అరచెయ్యి ఆనించింది. "ఒకసారి వాటిని చూసొస్తే బాగుణ్ణు."

అప్పుడు బయల్దేరితే ఒకటిన్నరకల్లా ఇంట్లో ఉండేవాళ్ళం. నాకు క్లెమ్ మొహం గుర్తొచ్చింది. "అలా కాదే. హేన్‌కాక్ గుట్ట ఇక్కణ్ణించి ఎంతో దూరం లేదు. పై నుంచి సముద్రం కనిపిస్తుందట. ఇంత దూరమొచ్చి చూడకుండా పోతామా? ఒక్క గంట."

నోలా నా మొహంలోకి చాలాసేపు చూసింది. ఆ చూపు నాకు అర్థం కాలేదు. అర్థం చేసుకోవాలని కూడా అనుకోలేదు.

"నువ్వు చెప్పినట్టే కానీ," అంది.

దారిలో విల్మింగ్టన్ ఊళ్ళో ఐస్‌క్రీములు కొన్నాను. గుట్ట మీదికి మట్టిరోడ్డున మెల్లిగా ఎక్కాం. పైన గాలి ఎత్తి కొట్టింది. కింద పల్లపు నేల, దాని అంచున నీలంగా సముద్రపు పాయ. నోలా ఏదో అనబోతుండగా టోపీ ఎగిరిపోయింది. ఇద్దరు ముసలమ్మలం దాని వెంటపడ్డాం. అది దొర్లుతోంది, ఆగుతోంది, చెయ్యి పెట్టేలోపు మళ్ళీ ఎగురుతోంది. చివరికి ఒక ముళ్ళపొదకి చిక్కుకుంది. రాళ్ళ మీద చతికిలబడి, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వుకున్నాం. రెండున్నర అయ్యుంటుంది.

"ఎన్నాళ్ళయిందే ఇలా నవ్వి," అంది నోలా. నా మనసు తేలికపడింది. క్లెమ్ అడిగిన పని సరిగ్గానే చేస్తున్నాననుకున్నాను.

బుధవారం క్వార్న్ వైపు బయల్దేరాం. అక్కడి నుంచి వారెన్ లోయకి పోయి, రాళ్ళ మీద గెంతే పసుపు కాళ్ళ చిన్న కంగారూల్ని, వాలబీల్ని చూడాలని. దారిలో టీకి పాలు లేవని దుకాణం దగ్గర ఆగాం. కౌంటర్ వెనక ఉండే డల్సీ నోలాకి చిన్నప్పటి నుంచి తెలిసినావిడ.

పాల సీసా సంచిలో పెడుతూ గొంతు తగ్గించి అంది, "మీవాళ్ళూ మొదలుపెట్టారటగా, నోలా."

నా చేతిలో రొట్టెల పొట్లం అలాగే ఉండిపోయింది.

"ఆ," అంది నోలా. "సోమవారం నుంచి."

"మా తమ్ముడి వాళ్ళవి పోయిన నెలలో అయిపోయాయి. ఇప్పటికీ మాట్లాడటం లేదు వాడు."

"ఈ జామ్ కొత్తదేనా, డల్సీ?"

"కొత్తదే. నిన్ననే వచ్చింది."

"ఒకటివ్వు."

బయటికొచ్చాం. కారులో కూర్చున్నాను, తాళం తిప్పలేదు. నోలా జామ్ సీసా ఒళ్ళో పెట్టుకుని ఎదురుగా రైలు స్టేషను వంక చూస్తోంది.

"నీకెప్పుడు తెలిసింది?" అన్నాను చివరికి.

"అబద్ధమాడేటప్పుడు నువ్వు ఆపకుండా మాట్లాడతావే, గ్లెన్. హాస్టల్లోనూ అంతే. మందుల షాపు గురించి అరగంట చెప్పావు."

"నోలా..."

"నీ వల్ల తెలీలేదులే. లారీలన్నాడు చూడు, అప్పుడే తెలిసింది. మా మందలోంచి ఏది బయటికి పోవాలన్నా ముందు దొడ్డిలోకి తోలాలి, ఇరుకు దారిలోంచి ఒక్కొక్కటీ వస్తుంటే ఏది పోవాలో ఏది ఉండాలో వేరుచెయ్యాలి. నాన్న పోయాక ఆ గేటు మీద నా చెయ్యి తప్ప ఇంకొకరి చెయ్యి పడలేదు. ఈసారి నన్ను పిలవలేదు. అంటే వేరుచేసే పని లేదన్నమాట."

"మరి ఎందుకు ఊరుకున్నావే?"

ఒక సామాను లారీ మమ్మల్ని దాటి పోయింది.

"నాకు తెలుసు అంటే నేనక్కడ నిలబడాలి కదా. నాకు ధైర్యం చాల్లేదు. ఆయన దాస్తున్నాడు, దాచనీ అనుకున్నాను. ఆయనకి నన్ను కాపాడుతున్నానన్న తృప్తైనా మిగులుతుందనుకున్నా." కిటికీ అద్దం కిందికి దించింది. "నిన్న ఆ గుట్ట మీద నిజంగానే నవ్వానే. అది తలుచుకుంటే సిగ్గేస్తోంది."

చెయ్యి పట్టుకోబోయాను. ఆమె జామ్ సీసా వదల్లేదు.

"ఏవి ఉంచుతున్నాడు?" అనడిగింది హఠాత్తుగా.

"ఓ గుప్పెడు ఉంచుకుంటానన్నాడు."

"అదే, ఏవి?"

"నాకు తెలీదు."

"ఆయనకీ తెలీదే." మొదటిసారి ఆమె గొంతులో కంగారు విన్నాను. "ఉన్ని ఎంత పొడవుందో చెప్తాడు. ఒళ్ళు ఎంత నిండుగా ఉందో చెప్తాడు. ఏ తల్లి కరువులో పిల్లని వదలదో ఆయనకి తెలీదు. నేనొకదాన్ని... చూడకూడదు చూడకూడదు అనుకుంటూ ఆ సంగతే ఆలోచించలేదు. కారు తిప్పు."

వచ్చిన దారినే తిరిగాం. మట్టిరోడ్డు మీద నేనెప్పుడూ నడపనంత వేగంగా నడిపాను. నోలా జామ్ సీసా ఒళ్ళో అలాగే పట్టుకుని ఉంది. ఇంటి దగ్గర ఆపబోతే, "ఇక్కడ కాదు, దొడ్డికి," అంది.

దొడ్డి దగ్గరికి వస్తుంటే కొండ అవతల నుంచి తుపాకీ చప్పుళ్ళు వినిపించాయి. ఒకటి, కాస్త ఆగి ఇంకొకటి. మా కారు దుమ్ము చూసి ఉంటారు, ఆగిపోయాయి. కాసేపటికి క్లెమ్ బండిలో వచ్చాడు, పక్కన లెస్. దిగుతూ క్లెమ్ తుపాకీని సీటు వెనక్కి తోశాడు, అది ఇంకా దాచే వస్తువే అన్నట్టు.

"అప్పుడే వచ్చేశారే?"

"చూడాల్సినవి అయిపోయాయి," అంది నోలా. "ఎన్ని మిగిలాయి?"

క్లెమ్ నా వంక చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను, నేను చెప్పలేదని. అతను తలొంచుకున్నాడు. చెమటకి అంటుకుపోయిన ఎర్రమట్టి, దాని కింద అతని మొహం ఏ రంగులో ఉందో తెలీడం లేదు.

"ఏడొందల పైన ఉంటాయి," అన్నాడు లెస్.

"ఏ బీడువి?"

"ఏటి పక్కవి," అన్నాడు క్లెమ్. "ఇంటి వెనకవి."

"పై బీడువి?"

"వాటి గురించి బెంగపడకు, నోలా." అతని గొంతులో ఆశలాంటిది ఉంది. ఇన్ని చెడ్డ మాటల మధ్య ఒక మంచి మాట చెప్పగలుగుతున్నానన్నట్టు దగ్గరికొచ్చాడు. "మంచివాటిని చివరికి ఉంచాను. మొదట చిక్కిపోయినవే. పై బీడువి మరీ ఎముకల గూళ్ళలా ఉన్నాయి, ఉన్ని కూడా పలచబడిపోయింది. ఎలాగూ ఈ చలికాలం దాటేవి కావు."

"ఎప్పుడు?"

"నిన్న. మధ్యాహ్నం రెండింటికి మొదలుపెట్టాం."

నోలా "ఊఁ" అంది.

నేను గంటలు లెక్కేసుకున్నాను. రెండింటికి మేము గుట్ట ఎక్కుతున్నాం. నోలా అడిగినప్పుడు తిరిగుంటే ఒకటిన్నరకి ఇంట్లో ఉండేవాళ్ళం. క్లెమ్ ఇంకా ఆమె మొహంలోకి చూస్తున్నాడు, తను చేసింది సరైనదేనని ఆమె అంటుందేమోనని. అతనికి ఏం తెలీదు. లెస్‌కి తెలీదు. అక్కడ ఆ లెక్క తెలిసినవాళ్ళం ఇద్దరమే, నోలా, నేను.

ఆమె టోపీ తీసి గుంజకి తగిలించింది. చొక్కా చేతులు పైకి మడుచుకుంది.

"తోలండి. అన్నిట్నీ."

ముందు ఇంటి వెనకవి వచ్చాయి, తర్వాత ఏటి పక్కవి. దుమ్ము మేఘంలా లేచింది. నోలా ఇరుకు దారి చివర, అటూ ఇటూ ఊగే చిన్న గేటు పట్టుకుని నిలబడింది. గొర్రెలు ఒకదాని వెనక ఒకటి పరుగున వస్తుంటే ఆ గేటు ఎడమకి, ఎడమకి, ఎడమకి, ఉన్నట్టుండి కుడికి. కళ్ళు ఎక్కడ ఆనుతున్నాయో, ఏం చూసి తేల్చుకుంటోందో నాకు అంతుపట్టలేదు. తన మీదికి దూసుకొచ్చే మంద మధ్య ఆమె ఒక్కతే కదలకుండా ఉంది, మణికట్టు తప్ప. మూడు గంటలు పట్టింది. మధ్యలో ఒక్కసారి నీళ్ళు తాగింది.

నిండుగా, ఒత్తైన ఉన్నితో ఒకటి ఎడమకి పోతుంటే క్లెమ్ పట్టలేకపోయాడు. "అది మంచిది కదా, నోలా!"

"మంచిదే. పిల్లని మర్చిపోతుంది."

అప్పుడతనికి అర్థమైంది. ఎముకల గూళ్ళు ఎందుకు ఎముకల గూళ్ళయ్యాయో. అతను కంచె కర్ర పట్టుకున్నాడు. నోలా అటు తిరగలేదు. గేటు ఆడుతూనే ఉంది.

ఉంచుకునేవి, కుడివైపు దొడ్డిలో, చివరికి నలభై ఒకటి నిలిచాయి.

"లెస్, నువ్వింక ఇంటికి పో," అంది నోలా. "చాలా చేశావు. మిగతాది మాది."

"నేనుంటా..."

"పో నాయనా. గ్లెన్, ఆయన్ని తీసుకెళ్ళు."

నోలా, క్లెమ్ బండెక్కి మంద వెనక కొండవైపు వెళ్ళారు. మేమిద్దరం వంటింట్లో కూర్చున్నాం. టీ పెట్టాను. చల్లారిపోతే పారబోసి మళ్ళీ పెట్టాను. కిటికీ మూసినా చప్పుళ్ళు వినిపిస్తూనే ఉన్నాయి. లెస్ బల్ల మీద చేతులు బోర్లించి, ప్రతిదానికీ వేలు కదుపుతున్నాడు. ఆ రోజే కాదు, గురువారం, శుక్రవారం కూడా అంతే. కొండ దగ్గరికి వాళ్ళిద్దరే వెళ్ళారు. మమ్మల్ని రానివ్వలేదు.

ఆ బుధవారం సాయంత్రం ఇంకా ఎండ ఉండగానే, బండి అక్కడే వదిలేసి నడుచుకుంటూ వచ్చారు. పక్కపక్కన కాదు, ఒకరి వెనక ఒకరు. నోలా గుమ్మంలో బూట్లు విడిచి, కుళాయి దగ్గర చాలాసేపు ఉండి లోపలికొచ్చింది.

"బంగాళాదుంపలు తీశావా?" అనడిగింది.

"తీశాను."

"ఇటివ్వు, నేను చెక్కు తీస్తా."

శనివారం బయల్దేరాం. వారం ముందే వెళ్ళిపోతున్నారేమని వాళ్ళు అడగలేదు. క్లెమ్ గేటు దాకా రాలేదు. నోలా కారు కిటికీ దగ్గరకొచ్చి నా భుజం తట్టింది. "జాగ్రత్త, దారిలో కంగారూలు," అంది. ఏటా అనే మాటే అది.

లెస్ ఆ తర్వాత ఆరేళ్ళు బతికాడు. ఆ వారం గురించి ఒక్కసారే ఎత్తాడు, మా పెరట్లో బట్టలు ఆరేస్తుంటే. "అవి పరిగెత్తవు, గ్లెన్. పరిగెడతాయనుకున్నాను. నిలబడి మన వంకే చూస్తాయి," అన్నాడు. తర్వాత క్లిప్పులు అందించాడు.

మరుసటేడు మార్చికి నోలా ఉత్తరం రాసింది: ఇంటికి రంగులు వేయిస్తున్నాం, ఈసారికి వద్దులే అని. ఆ పైయేడు ఉత్తరం కూడా లేదు. ఆ మధ్యలో మంచి వానలు పడ్డాయి. క్లెమ్ పోర్ట్ అగస్టాలో రైల్వే పనికి కుదిరాడనీ, వారానికోసారి ఇంటికొస్తున్నాడనీ డల్సీ ద్వారా తెలిసింది. వాళ్ళు విడిపోయారేమోనని లెస్ భయపడ్డాడు. నాకు వేరే భయం ఉండేది. అది లెస్‌తో చెప్పలేదు. మంగళవారం సంగతి అతనికి నేనెప్పుడూ చెప్పలేదు.

మూడో ఏడు ఫిబ్రవరిలో ఫోన్ మోగింది.

"ఏమే, ఈ మార్చికి వస్తున్నారా లేదా? పడకలు సర్దాలి," అంది నోలా.

వెళ్ళాం. దారి పొడుగునా పచ్చగా ఉంది. క్లెమ్ జుట్టు పూర్తిగా నెరిసింది. రైల్వే పని వదిలేసి వచ్చేశాడు. నలభై ఒకటి కాస్తా నూట యాభై దాటాయి. పై బీడులో మేస్తున్నాయి. లెస్, క్లెమ్ కంచె బాగుచేయడానికి పోయారు. నేను వంటింట్లో కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నాను. నోలా పిండి కలుపుతోంది.

"క్లెమ్‌ని నెల తిరక్కుండానే క్షమించేశానే," అంది, వాన గురించి చెప్తున్నట్టు. "నిన్ను క్షమించడానికే రెండేళ్ళు పైన పట్టింది."

నేను బఠాణీల గిన్నె పక్కకి జరిపాను. "నాకు తెలీదే, నోలా. ఆ రోజు వంతు పై బీడువని నాకు..."

"తెలీదు. నాకు తెలుసు నీకు తెలీదని. కానీ నేను అడిగాను కదా."

"అడిగావు."

పిండిని బల్ల మీద వేసి అరచేతులతో అదిమింది. అదిమి, మడిచి, మళ్ళీ అదిమింది.

"ఒక్కసారే అడిగాను," అంది. "కారు తాళాలు లాక్కోవాల్సింది."

వరండాలో బూట్లు దులుపుకుంటున్న చప్పుడు, లెస్ ఏదో అంటే క్లెమ్ నవ్వడం వినిపించాయి. నోలా పిండి చేతి వెనక భాగంతో కళ్ళు తుడుచుకుని కెటిల్ వైపు తిరిగింది.

"వచ్చేస్తున్నారు. కప్పులు తియ్యవే," అంది.

లేచి నాలుగు కప్పులు తీశాను.